పిట్టల పేర్లు అడిగిన డాక్టరు: థామస్ జెర్డన్ జీవితం

నెల్లూరు అనగానే మన సంఘాలవారికి మొదట జ్ఞాపకం వచ్చేది శామ్యూల్ డే గారి పేరు. ఆయన 1836లో మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరు చేరారు. తర్వాతి కాలంలో లోన్ స్టార్ మిషన్ అని పేరొందిన సేవ అక్కడే మొదలైంది. సరిగ్గా 1836లోనే మద్రాసు రేవులో దిగిన మరొక యువకుడు ఉన్నారు. ఆయన బోధకుడు కారు, ఈస్టిండియా కంపెనీ పంపిన డాక్టరు. డే గారు పనిచేసిన ఆ దశకంలోనే ఈయన కూడా కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశారు. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. భారతదేశపు పక్షుల గురించి చదివేవారికి ఆయన పేరు బాగా తెలుసు. తెలుగు జిల్లాల నుండి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మనకు మాత్రం అంతగా తెలియదు. మన ఊరి పొదల్లో తిరిగే పిట్టలను, ఇప్పుడు మన ఇంటి పెరట్లో కనిపించే చీమలను శ్రద్ధగా చూసి పుస్తకాలకెక్కించిన మనిషి గనుక ఆయన జీవితం మనం తెలుసుకోదగినది.

బాల్యము, చదువు

జెర్డన్ గారు 1811 అక్టోబరు 12న ఇంగ్లాండు ఉత్తర ప్రాంతంలోని డర్హమ్ జిల్లాలో జన్మించారు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డన్. వారిది స్కాట్లాండు సరిహద్దుల్లోని కుటుంబం. థామస్ పెద్ద కొడుకు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్యం చదవడానికి చేరి, తర్వాత వైద్యవిద్యకు మారారు. అక్కడ ప్లినియన్ సొసైటీ అని ఒక విద్యార్థి సంఘం ఉండేది. మొక్కలు, పురుగులు, పక్షులు, రాళ్ల గురించి తాము చూసినది చెప్పుకోవడం ఆ సంఘం పని. అంతకు కొద్ది సంవత్సరాల ముందు చార్లెస్ డార్విన్ కూడా అదే సంఘంలో సభ్యుడు. కళ్లతో చూసినదానిని నమ్మడం, చూసినదానిని రాసిపెట్టడం జెర్డన్ గారికి అక్కడ అలవాటయింది.

1835లో కంపెనీవారు ఆయనను అసిస్టెంట్ సర్జనుగా తీసుకున్నారు. 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరారు. అప్పటికి వయస్సు 24 సంవత్సరాలు. మొదటి ఉద్యోగం గంజాం జిల్లాలో. అక్కడి దండులో జ్వరాలు, రక్తవిరేచనాలు ఎక్కువగా ఉండేవి. ఆ రోగుల సేవలో ఉంటూనే తీరిక దొరికినప్పుడల్లా తూర్పు కనుమల పిట్టలను పరిశీలించడం మొదలుపెట్టారు. తర్వాత గుర్రపు దండుతో దక్కనులోని జాల్నాకు వెళ్లారు. 1841లో ఫ్లోరా మెక్లౌడ్ గారిని వివాహమాడారు. నీలగిరి కొండలు కూడా చూశారు. ఎక్కడికి బదిలీ అయినా ఆ ప్రాంతపు పిట్టల వివరాలు ఆయన కాగితాల్లోకి చేరుతూనే ఉండేవి.

చిమ్మెటలు నేర్పిన పాఠం

ఆ రోజుల్లో ఒక పిట్ట ఫలానా జాతిది అని తేల్చి చెప్పాలంటే దానిని చంపి, చర్మం ఎండబెట్టి, సీమలోని పండితులకు పంపవలసి వచ్చేది. దుర్భిణి పట్టుకుని దూరం నుండి చూసి సంతృప్తిపడే కాలం కాదది. జెర్డన్ గారు కూడా అదే పద్ధతి పాటించారు. ఎన్నో నెలలు శ్రమపడి సేకరించిన పిట్టల చర్మాలను స్కాట్లాండులో ఉన్న సర్ విలియం జార్డిన్ అనే పండితునికి ఓడలో పంపారు. అవి అక్కడికి చేరేసరికి చిమ్మెటలు పట్టి పాడైపోయాయి.

మరొకరైతే ఆ దెబ్బతో ఆ పని మానుకునేవారేమో. జెర్డన్ గారు ఇంకొక దారి పట్టారు. దూరాన ఉన్న పండితుని తీర్పు కోసం ఎదురుచూడకుండా, తాను స్వయంగా చూసి పోల్చి నిర్ణయించుకోవడం మొదలుపెట్టారు. 1839, 1840 సంవత్సరాల్లో మద్రాసు నుండి వెలువడే సాహిత్య విజ్ఞాన పత్రికలో దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను అచ్చువేయించారు. అందులో 420 జాతులు ఉన్నాయి. అంతకు ముందు కల్నల్ సైక్స్ గారు వేసిన పట్టికకు ఇది దాదాపు రెట్టింపు. అప్పటికి ఆయనకు ముప్ఫై యేళ్లు నిండలేదు.

1843 నుండి 1847 వరకు మద్రాసులో ఆయన మరొక పుస్తకాన్ని భాగాలుగా వెలువరించారు. అందులో 50 రంగుల బొమ్మలు ఉన్నాయి. వాటిలో చాలా బొమ్మలకు మూలం మన దేశపు చిత్రకారుల చేతిపని.

నెల్లూరులో యానాదుల దగ్గర

నెల్లూరు సివిల్ సర్జనుగా ఉన్న కాలం ఆయనకు మరొక రకమైన చదువు నేర్పింది. ఆ జిల్లాలో యానాదులు ఎక్కువ. చెరువు గట్లమీద, అడవి అంచున, సముద్రపు ఒడ్డున గుడిసెలు వేసుకుని, చేపలు, ఎలుకలు, పిట్టలు పట్టి, తేనె, మూలికలు సేకరించి వారు బ్రతికేవారు. ఊరివారు వారిని దూరంగా ఉంచేవారు. బడి వారికి తెలియదు. కాని ఏ పిట్ట ఏ నెలలో వస్తుంది, ఏ పొదలో గుడ్లు పెడుతుంది, ఏ అరుపుకు ఏమి అర్థం అన్నది వారికి తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ లేదు.

జెర్డన్ గారు వారితో కలిసి తిరిగి, ఆ ప్రాంతపు జంతువుల గురించి, పక్షుల గురించి వారి దగ్గర నేర్చుకున్నారు. ఒక సర్కారు సర్జను, ఊరిలో ఎవరూ లెక్కచేయని మనుషుల దగ్గర విద్యార్థిగా నిలబడడం చిన్న సంగతి కాదు. దాని ఫలితం ఆయన పెద్ద పుస్తకంలో కనిపిస్తుంది. పక్షికి శాస్త్రనామం ఇచ్చి ఊరుకోకుండా, హిందూస్థానీ, తమిళం వంటి భాషల పేర్లతోపాటు తెలుగు పేరును కూడా ఆయన రాసిపెట్టారు. పిగిలిపిట్ట, గోరింక, నల్లంచి వంటి మాటలు ఇంగ్లీషు శాస్త్ర గ్రంథంలోకి ఎక్కినది ఆ విధంగానే. ఆ పేర్లు పండితులు కూర్చుని కల్పించినవి కావు. పిట్టలు పట్టి బ్రతికేవారి నోట, పొలాల్లో తిరిగేవారి నోట ఉన్నవి.

తూర్పు కనుమల రాతికొండల్లో మెడ కింద పసుపు రంగున్న ఒక పిగిలిపిట్ట ఉంటుంది. శాస్త్రలోకానికి 1845లో దానిని పరిచయం చేసినది జెర్డన్ గారే. మన బెంగళూరువారు దానిని చూడాలంటే నెల్లూరు దాకా వెళ్లనవసరం లేదు. నంది కొండ రాళ్ల మధ్య పొదల్లో అది నేటికీ ఉంది.

అన్నిటికంటే పేరు తెచ్చిన పిట్ట మాత్రం కలివికోడి. ముళ్ల పొదల మధ్య ఉండే నేల పిట్ట ఇది. పగలు దాగి, రాత్రివేళ బయటికి వచ్చి మేస్తుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే దీనికి ఇష్టం. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు ఉంటాయి. జెర్డన్ గారు దీనిని కనుగొనగా, 1848లో కలకత్తా మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ గారు శాస్త్రీయంగా వర్ణించారు. ఇంగ్లీషులో దీనికి జెర్డన్ గారి పేరే వచ్చింది. ఆయన పేరు మోసే పిట్టలు, పాములు, కప్పలు, మొక్కలు ఇంకా ఉన్నాయి. యానాదుల పేరు మాత్రం ఏ పిట్టకూ రాలేదు. పుస్తకాల లోకపు న్యాయం అప్పుడు అలా ఉండేది.

చీమలను చూసిన కళ్లు

నెల్లూరు తర్వాత ఆయన మలబారు తీరంలోని తలచేరికి సివిల్ సర్జనుగా వెళ్లారు. అక్కడ ఆయన దృష్టి చీమల మీద పడింది. చీమను చూడడానికి అడవికి పోనక్కరలేదు, ఇంటి గడప చాలు. 1851లో మద్రాసు పత్రికలోనే దక్షిణ భారతదేశపు చీమల పట్టికను ప్రచురించారు. అందులో ఆయన కొత్తగా వర్ణించిన చీమలు కొన్ని ఈనాటి బెంగళూరు తోటల్లో మనకు రోజూ ఎదురవుతాయి.

వానాకాలంలో నల్లగా మెరిసే చీమలు వెడల్పాటి బారులు తీరి, పెరడు దాటి, రోడ్డు దాటి వెళ్తుంటాయి. చెదపురుగులను వేటాడి నోట కరచుకుని వస్తుంటాయి. ఊరేగింపు అనే అర్థం వచ్చేటట్టు ఆ చీమకు లాటిన్ పేరు పెట్టినది జెర్డన్ గారే. చెట్టు మొదలుమీద సన్నగా పొడవుగా, నడుము ఎర్రగా, తల, తోక నల్లగా ఉండి ఒంటరిగా తిరిగే మరొక చీమ ఉంది. ఎండిన కొమ్మల్లో గూడు కట్టుకుంటుంది. కుట్టిందంటే చాలాసేపు మంట. అదీ ఆయన వర్ణించినదే. వంటింట్లో నూనె గిన్నెలకు, బిస్కెట్ల డబ్బాలకు పట్టి, బట్టలను సైతం కొరికే చిన్న చీమ ఒకటి ఓడల మీద ప్రపంచమంతా పాకింది. దానికి నాశనం చేసేది అనే అర్థంతో ఆయనే పేరు పెట్టారు. ఆ పేరు తగదని చెప్పే గృహిణి ఎవరూ ఉండరు.

వీటన్నిటిలో వింతైనది గెంతే చీమ. పెద్ద కళ్లు, ముందుకు పొడుచుకు వచ్చిన పొడవాటి దవడలు. మిగతా చీమల్లాగా బారులు కట్టదు. పిల్లి మాదిరిగా ఒంటరిగా వేటాడుతుంది. పురుగు కనబడితే ఎగిరి దూకి పట్టుకుంటుంది, అపాయం వస్తే ఎగిరి దూకి తప్పించుకుంటుంది. బెంగళూరు చుట్టుపక్కల నేలలో కూడా దీని గూళ్లు ఉన్నాయి. రాణి చనిపోతే కూలి చీమలు మీసాలతో పోటీపడి, గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఈ గుణం వల్ల శాస్త్రజ్ఞులు దీనిని ఎంతో శ్రద్ధగా పరిశోధిస్తున్నారు. 2010లో దీని పూర్తి జన్యుక్రమం ప్రచురితమైంది. చీమల్లో అలా మొదట చదవబడిన రెండు జాతుల్లో ఇది ఒకటి. ఈ చీమను మొదట పుస్తకంలోకి ఎక్కించినది 1851లో ఆ తీరపు డాక్టరే.

పెద్ద పుస్తకం, చివరి దినములు

1852లో ఆయనకు సర్జనుగా పదోన్నతి వచ్చి, మధ్య భారతంలోని సాగర్‌కు పంపబడ్డారు. 1857 తిరుగుబాటు కాలంలో అక్కడి గాయపడినవారికి వైద్యం చేశారు. ఆ తర్వాత ఆరోగ్యం దెబ్బతిని డార్జిలింగు వెళ్లారు. దేశంలోని పక్షులన్నిటినీ ఒకచోట చేర్చి, సామాన్యుడు చేతపట్టుకుని చదువుకోదగిన పుస్తకం రాయాలన్నది ఆయన కోరిక. అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ కానింగ్ గారు అందుకు సమ్మతించి, ప్రత్యేక ఉద్యోగం మీద నియమించారు. 1862 నుండి 1864 వరకు భారతదేశపు పక్షులు అన్న గ్రంథం మూడు పుస్తకాలుగా వెలువడింది. అందులో వెయ్యికి పైగా జాతుల వివరాలు ఉన్నాయి. రంగు, కొలత, గూడు, ఆహారం, అరుపు, దేశీయ నామం అన్నీ ఒకచోట దొరికిన మొదటి గ్రంథం అది. 1867లో క్షీరదాల మీద మరొక పుస్తకం రాశారు. పాములు, కప్పలు, చేపల మీద కూడా రాయాలని తలపెట్టారు. ఆయన మొదలుపెట్టిన ఆ ఆలోచనే తర్వాత సర్కారువారు అచ్చువేసిన దేశ జంతుజాలపు పెద్ద గ్రంథమాలకు దారితీసింది.

అస్సాం ప్రయాణంలో పట్టిన జ్వరం ఆయనను కుదేలు చేసింది. 1870లో ఇంగ్లాండు చేరినా పూర్తిగా కోలుకోలేదు. 1872 జూన్ 12న లండను దగ్గర అప్పర్ నార్వుడ్‌లో కన్నుమూశారు. అప్పటికి వయస్సు 60 సంవత్సరాలు. అందులో ముప్ఫై నాలుగు సంవత్సరాలు మన దేశంలోనే గడిచాయి.

కలివికోడి తర్వాతి కథ

జెర్డన్ గారి కథ ఆయనతో ముగియలేదు. కలివికోడి క్రమేణా కనబడడం తగ్గిపోయింది. 1900లో అనంతపురం దగ్గర దానిని చూచినవారు లండన్ మిషన్‌కు చెందిన హోవర్డ్ క్యాంబెల్ గారు. రాయలసీమలో సేవ చేస్తూ, సీతాకోకచిలుకలను, పిట్టలను పరిశీలించిన మిషనరీ ఆయన. ఆ తర్వాత దాదాపు 86 సంవత్సరాలు దాని జాడ లేదు. ఇక ఆ జాతి అంతరించిందని చాలామంది అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరపున భరత్ భూషణ్ గారు ఆ జిల్లాల్లో వెదికారు. ప్రయోగశాల పరికరం ఏదీ దానిని పట్టివ్వలేదు. ఊరిలో పిట్టలు పట్టే ఒక మనిషి రాత్రివేళ దానిని పట్టుకున్నాడు. దురదృష్టవశాత్తు ఆ పిట్ట బ్రతకలేదు. కాని జాతి ఉన్నదని తేలింది. నూట నలభై యేళ్ల క్రితం జెర్డన్ గారు ఎవరిని అడిగారో, మళ్లీ అటువంటివారి తెలివే అక్కరకు వచ్చింది. ఆ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చవలసి వచ్చింది.

మన బెంగళూరుకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 1917లో కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన ఒక గుడ్డు స్కాట్లాండులోని అబర్దీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. దాని మీద జరిపిన డి.ఎన్.ఎ. పరీక్షలో అది కలివికోడి గుడ్డేనని 2013లో వెల్లడైంది. మన తెలుగువారెందరో గనుల్లో కష్టపడి బ్రతికిన ఆ కె.జి.ఎఫ్. గుట్టల దాపునే ఒకప్పుడు ఆ పిట్ట కూడా బ్రతికి ఉండవచ్చు.

2008 తర్వాత చాలా సంవత్సరాలు అది మళ్లీ కనబడలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పక్షి పరిశీలకులు రాత్రిపూట దాని కూత విని రికార్డు చేశారు. ముళ్లపొద పనికిరానిదని కొట్టివేసి చదునుచేసే మన అలవాటే దానికి పెద్ద శత్రువు. చెట్లు లేని నేలంతా బీడు కాదని ఆ పిట్ట చెబుతోంది.

మన పెరడు సంగతి

బెంగళూరులో పెద్ద తోట ఉన్న కుటుంబాలు మనలో కొద్దే. మేడమీద కుండీలు, గేటు పక్కన ఒక మందార, వీధిలో ఒక మునగ చెట్టు ఉంటే అదే గొప్ప. అయినా వచ్చే అతిథులు తక్కువ కారు. మందార పూలకు తేనెపిట్టలు వస్తాయి. అవి సాలెగూటి దారాలతో గూడు అల్లుతాయి, పిల్లలకు తేనె కాక పురుగులను, సాలీళ్లను పెడతాయి. ఇక్కడివారు గసగసె చెట్టు అని పిలిచే చెట్టు ఎర్రటి పండ్లకు మన దేశపు అతి చిన్న పిట్టల్లో ఒకటి వస్తుంది. దాని బరువు ఐదారు గ్రాములు మించదు. వెడల్పాటి ఆకులను కుట్టి గూడు చేసుకునే పిట్ట, జుట్టు నిలబెట్టుకున్న పిగిలిపిట్ట, జెముడుకాకి, కోయిల ఇవన్నీ నగరంలోనే ఉన్నాయి. జెర్డన్ గారి పేరే ఉన్న ఒక ఆకుపచ్చని పిట్ట కూడా ఆకుల్లో కలిసిపోయి చెట్ల మధ్య తిరుగుతుంది.

ప్రియ పాఠకులారా, వీటి ఇంగ్లీషు పేర్లు మన పిల్లలకు బడిలో వస్తాయి, కన్నడ పేర్లు స్నేహితుల దగ్గర వస్తాయి. తెలుగు పేర్లు మాత్రం ఇంటిలో పెద్దవారు చెప్పకపోతే ఎక్కడా రావు. ఒంగోలు, కనిగిరి, ఉదయగిరి, కావలి పల్లెల నుండి వచ్చిన అవ్వలు, తాతలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. పొలాల్లో పనిచేసిన వారికి ఏ పిట్ట పలికితే వాన వస్తుందన్నారో, ఏ చీమ గుడ్లు మోస్తే ఏమి చేసేవారో తెలుసు. ఒక జిల్లాలో ఉన్న పేరు పక్క జిల్లాలో ఉండదు. వాటిలో చాలా పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

జెర్డన్ గారు సంపాదించిన జ్ఞానంలో సగం చూడడం వలన వచ్చింది, సగం అడగడం వలన వచ్చింది. రెండూ ఖర్చులేని పనులు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఉదయం కాఫీ తాగే పది నిమిషాల్లో పెరట్లో ఏది కనబడిందో తేదీ వేసి రాయవచ్చు. రంగు, అరుపు, ఏమి తింటున్నది, ఏ చెట్టు మీద వాలింది అన్నవి రాస్తే సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం పిల్లలు ఆ పుస్తకం తీసుకుని అవ్వ దగ్గర కూర్చుని, ఆమె ఊరిలో ఆ పిట్టను ఏమనేవారో అడిగి, ఆ మాటను ఆమె పలికినట్టే తెలుగులో రాసుకుంటే బాగుంటుంది. పక్కనే ఆమె పేరు, ఆమె ఊరు పేరు కూడా రాయాలి. నెల్లూరులో పిట్టలను చూపించిన యానాదులకు దక్కనిది మన అవ్వలకైనా దక్కనివ్వండి.